గేటు మీది ఇంటిపేరు

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. చేతివీ, గోడవీ, అలారంవీ అన్నీ చేస్తాడుగానీ ఆయన ప్రాణమంతా గంటస్తంభాల మీద ఉండే పెద్ద గడియారాల్లో ఉంటుంది. మా ఊరి మార్కెట్ గడియారం ముప్ఫై రెండేళ్ళుగా ఆయన చేతి మీదే నడుస్తోంది. అది సరిగ్గా తిరిగినన్నాళ్ళూ దాన్ని ఎవరు తిప్పుతున్నారని ఒక్కరూ అడగలేదు. ఆగిన రోజున మాత్రం దారి అడక్కుండా మా ఇంటికే వస్తారు, తిట్టడానికి.

అలాంటి మనిషికి సముద్రం అవతల ఒక దేశం నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి రేవుపట్నంలో మన మార్కెట్ గడియారానికి తోబుట్టువు ఒకటుందట. ఒకే కంపెనీ, ఒకే ఏడు తయారీ. అది ఆగిపోయి తొమ్మిదేళ్ళయింది, ఆ రకం యంత్రం తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ మిగల్లేదు. వచ్చే నెల పద్నాలుగు నుంచి ఒక్క వారం స్తంభం చుట్టూ పరంజా కడతాం, మీరు రాగలరా, టికెట్టు మేమే పంపుతాం, వీసా ఇక్కడ దిగాక ఇస్తారు అని రాశారు. ఆ వారం దాటితే లోపలి యంత్రాన్ని పీకేసి బ్యాటరీ గడియారం బిగించేస్తారట.

ఆ ఉత్తరాన్ని ఆయన మూడుసార్లు చదివి, నాలుగోసారి నాచేత చదివించుకున్నాడు.

"నన్నే పిలిచారే. పేరు పెట్టి రాశారు చూడు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా ఏడిస్తే ఉత్తరం తడుస్తుందంటాడని లోపలికెళ్ళి ఏడ్చాను. ఎలాగైనా ఈయన్ని విమానం ఎక్కించాలని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఎక్కాలంటే పాస్‌పోర్టు కావాలి. మాకు రేషను కార్డు తప్ప మరో కార్డు మొహం తెలీదు.

ఇక్కడ మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. అడిగినదానికి అడిగినట్టు జవాబివ్వడం ఆయనకున్న జబ్బు. టైమెంతయిందండీ అంటే, "నాలుగు పదకొండూ నలభై సెకన్లు. మీరు వినేసరికి నలభై రెండు," అంటాడు. ఈయన్ని దరఖాస్తు పెట్టడానికి ఒంటరిగా పంపడం నా బుద్ధితక్కువ. ఆ రోజు నాకు పంటినొప్పి, అందుకని పంపాను.

దరఖాస్తు నింపడానికి బస్‌స్టాండు పక్కన ఒక టైపు కొట్టుంది. అందులో కూర్చునే అమ్మాయి చెవుల్లో పాటలు పెట్టుకుని, మొహం కూడా ఎత్తకుండా ప్రశ్నలడుగుతుంది. అక్కడేం జరిగిందో నాకు తెలిసింది చాలా ఆలస్యంగా. అయినా మీకిప్పుడే చెప్పేస్తాను, నేను పడ్డ తిప్పలు మీరెందుకు పడాలి?

"డోర్ నంబరు?" అందట ఆ అమ్మాయి. ఈయన చెప్పాడు.

"వీధి?" చెప్పాడు.

"ఇంటి పేరు?"

డోర్ నంబరూ, వీధీ అడిగాక ఇంటి పేరు అడిగితే ఈయన ఏమనుకోవాలి? ఇల్లే అనుకున్నాడు. కొందరు గేట్ల మీద నిలయమనీ, నివాసమనీ రాయించుకుంటారు చూడండి, అదన్నమాట.

"మా ఇంటికి పేరంటూ ఏం పెట్టలేదమ్మా."

"ఖాళీ వదిలితే కంప్యూటర్ ముందుకు పోదు సార్. ఏదో ఒకటి ఉంటుందిగా అందరికీ."

ఈయన నిజాయితీగా ఆలోచించాడు. మాకంటే ముందు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు పోతూపోతూ వాళ్ళ కుక్కనీ, గేటుకున్న రేకునీ మాకు వదిలేసి పోయారు. 'కుక్క ఉంది, జాగ్రత్త' అని రాసి ఉండేది దాని మీద. ఎండకీ వానకీ జాగ్రత్త చెరిగిపోయి మొదటి సగమే మిగిలింది.

"గేటు మీదైతే కుక్క ఉంది అని ఉందమ్మా."

"కలిపి రాయాలా, విడదీసి రాయాలా?"

"కలిపే రాయి."

ఆ అమ్మాయి నవ్వనైనా నవ్వలేదట. ఆమెని అనీ లాభం లేదు. మనవాళ్ళ ఇంటిపేర్లలో ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, నక్కలున్నాయి. పొద్దున్నుంచీ అన్ని జంతువులనీ టైపు చేసిన చేతికి ఒక కుక్క లెక్కా? టకటకా కొట్టి పడేసింది: కుక్కవుంది.

ఆఫీసులోనైనా పట్టుకుని ఉండాల్సింది. కానీ ఆయన తీసుకెళ్ళిన కాగితాలన్నిటిలో ఇంటిపేరు బదులు ఉత్త అక్షరమే ఉంటుంది. 'క', పక్కన చుక్క, ఆ తర్వాత ఆయన పేరు. మా అసలు ఇంటిపేరు కూడా క తోనే మొదలు. కౌంటరులో కాగితాలు చూసినాయన క కి క సరిపోయిందని టిక్కు పెట్టి పంపేశాడు. ఇక మిగిలింది పోలీసు విచారణ.

కానిస్టేబులు వచ్చిన మధ్యాహ్నం నేను వాకిట్లో పీట వేసుకుని, మా ఆయనిచ్చిన ఇత్తడి చక్రాల్ని కిరసనాయిలులో ముంచి బ్రష్షుతో రుద్దుతున్నాను. మనిషి మామూలు బట్టల్లోనే ఉన్నాడుగానీ బూట్లు చూసి పోలీసని పోల్చుకున్నాను. చేతిలో ఉన్న కాగితం చూస్తూ, "కుక్కవుంది?" అన్నాడు.

గేటు తీసే ప్రతివాడూ అడిగేదే కదా అని, "లేదండీ, పోయింది. లోపలికి రండి," అన్నాను.

ఆయన లోపలికి రాలేదు. "పోవడమేంటమ్మా? ఎప్పుడు?"

"ఆరేళ్ళయిపోయింది."

"ఆరేళ్ళా? మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పాలండీ? నేనూ మా ఆయనా కలిసి పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చేశాం."

కానిస్టేబులు జేబులోంచి పెన్ను తీశాడు. మళ్ళీ ఏమనుకున్నాడో రాయకుండా ఆగాడు. "మీరిద్దరేనా?"

"అంతే. ఒళ్ళు పెద్దది కదా, కాళ్ళు మడిచి పెట్టాల్సొచ్చింది."

"అసలెలా జరిగింది?"

ఈ పోలీసాయనకి జంతువులంటే ఎంత జాలో అనుకుని నేనూ వివరంగా చెప్పాను. "ముసలితనమేనండీ. పళ్ళూడిపోయినా పోస్ట్‌మాన్ కనబడితే మాత్రం ఆగేది కాదు. పిక్క దొరికితే వదలడమే లేదు. చివరి ఆర్నెల్లూ గొలుసేసి కట్టేయాల్సొచ్చింది. ఎంతైనా మన అన్నం తిన్న ప్రాణం, చేతులు రాలేదు. కట్టేసి ఇద్దరం ఏడ్చాం."

కానిస్టేబులు ఒక అడుగు వెనక్కి వేశాడు. చేతిలోని చక్రం కింద పెట్టి మంచినీళ్ళు తెస్తానన్నాను. వద్దు వద్దన్నాడు. ఆ వద్దనడంలో కంగారు నాకు ఇప్పటికీ గుర్తే.

సరిగ్గా అప్పుడే మా ఆయన కంటికి భూతద్దం బిగించుకునే వాకిట్లోకి వచ్చాడు. "ఎవరు కావాలండీ? పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టింది నేనే."

కానిస్టేబులు ఫోటో చూశాడు, మనిషిని చూశాడు, భూతద్దం తీయించి మళ్ళీ చూశాడు.

"బతికే ఉన్నారన్నమాట," అన్నాడు ఊపిరి వదిలి.

"ప్రస్తుతానికి," అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత పని రెండు నిమిషాల్లో అయిపోయింది. పోతూ కానిస్టేబులు గేటు దగ్గర ఆగి, రేకు మీద అక్షరాలూ కాగితం మీద అక్షరాలూ ఒకటికి రెండుసార్లు పోల్చుకుని, తృప్తిగా ఏదో రాసుకున్నాడు. మా ఆయన్ని పక్కకి పిలిచి మెల్లగా, "అమ్మగారిని ఎవరైనా మంచి డాక్టరుకి చూపించండి సార్. మొదట్లోనే అయితే తగ్గుతుంది," అన్నాడు. నాకు వినపడదనుకున్నాడు. నా పళ్ళు పాడయ్యాయిగానీ చెవులు దివ్యంగా ఉన్నాయి. ఇంత మర్యాదగా మాట్లాడిన నన్ను పిచ్చిదాన్నని ఎలా అనుకున్నాడా అని వారం రోజులు ఒళ్ళు మండిపోయింది.

పాస్‌పోర్టు పన్నెండో తేదీ శుక్రవారం పొద్దున పోస్టులో వచ్చింది. విమానం ఆదివారం మధ్యాహ్నం. కవరు నేనే చింపాను. ఫోటో బాగానే వచ్చింది. దాని పక్కన, ఇంటిపేరు అన్నచోట, కుక్కవుంది.

నేను కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాను. కుక్క అక్కడే ఉంది.

"ఏమండీ," అన్నాను. "ఇదేంటి?"

ఆయన చూశాడు. "అచ్చుతప్పు లేదు. నేను చెప్పినట్టే రాశారు."

అప్పుడు బయటపడింది టైపు కొట్టు భాగోతం. నేను నెత్తి బాదుకున్నాను. కానిస్టేబులు దగ్గర నేను పూడ్చింది ఎవర్నో అర్థమై కుర్చీలో కూలబడ్డాను. ఆయన మాత్రం స్తంభంలా నిలబడి, "ఇల్లు అడిగారు, ఇల్లు చెప్పాను. మనిషిది అడిగుంటే మనిషిది చెప్పేవాణ్ణి," అంటాడు. నా ఇంటిపేరు కూడా పెళ్ళితో ఈయన ఇంటిపేరే కదా, ఆ లెక్కన నేను కూడా కుక్కవుందినేనా అని అడిగితే, "నీకు పాస్‌పోర్టు లేదుగా," అన్నాడు. దగ్గర్లో విసరడానికి ఏమీ లేకపోవడం ఆయన అదృష్టం.

ఉత్తరమేమో అసలు పేరుతో ఉంది. టికెట్టూ అసలు పేరుతోనే ఉంది. పాస్‌పోర్టులో ఉన్నవాడేమో వేరే వాడు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ సంచిలో వేసుకుని, ఉన్నపళంగా బయల్దేరి బస్సులో నిలబడి ఆఫీసుకి పరుగెత్తాం. టోకెను దొరికి, మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది.

లోపలున్న ఆఫీసరమ్మ మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడదీసుకుని ఉంది. అంతా విని, ఒకసారి పాస్‌పోర్టు చూసి, తల పక్కకి తిప్పుకుంది. భుజాలు కదలడాన్ని బట్టి నవ్వుతోందని తెలిసింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి మొహం మామూలుగానే ఉంది. మంచి మనిషి.

"మామూలుగా అయితే నలభై ఐదు రోజులు పడుతుంది. కానీ ప్రయాణం ఎల్లుండే అంటున్నారు కాబట్టి చివరి పేజీలో సవరణ రాసి సంతకం పెట్టిస్తాను. మీ పెళ్ళి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది కదా, దాని జిరాక్సులు రెండు తెండి. ఐదింటికల్లా కౌంటరు మూసేస్తాం, త్వరగా," అంది.

గోడ మీద చూశాను. నాలుగూ ముప్ఫై. ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకున్నారు, కాబట్టి లోపల అందరికీ ఆ గోడ గడియారమే దిక్కు. ఆఫీసు టైమంటే అదే, అది రూలట. జిరాక్సు షాపు ఎదురుగానే ఉంది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "కదలకండి. ఎవరితోనూ మాట్లాడకండి. ఏదైనా అడిగితే నేనొస్తున్నానని చెప్పండి," అని వెళ్ళాను.

మాట్లాడకండన్నాను. దేన్నీ ముట్టుకోకండని చెప్పడం మర్చిపోయాను.

నేను జిరాక్సులు పట్టుకుని తిరిగొచ్చేసరికి మా ఆయన స్టూలెక్కి ఉన్నాడు. గోడ గడియారం ఆయన చేతుల్లో ఉంది. చుట్టూ నలుగురు గుమాస్తాలు మెడలెత్తి చూస్తున్నారు.

"ఇరవయ్యారు నిమిషాలు వెనకుంది," అన్నాడు నాతో, తన చేతి గడియారం చూపించి బాధగా. "చూస్తూ ఎలా కూర్చోనే?"

ఆయన ముళ్ళు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, ప్రేమగా మేకుకి తగిలించాడు. ఆఫీసరమ్మ పెన్ను మూత తీసి, నా చేతిలోని జిరాక్సుల కోసం చెయ్యి చాపి, అలవాటుగా గోడకేసి చూసింది. ఐదూ మూడు.

"అయ్యో, టైమైపోయిందే," అని పెన్ను మూత పెట్టేసింది.

నేను బతిమాలాను, బామాలాను. ఆఫీసు టైములో ఐదు దాటాక పెట్టిన సంతకం చెల్లదంది. ఆవిడ మొహంలో నిజంగానే విచారం ఉంది. గుమాస్తాలకి మాత్రం పండగలా ఉంది. బ్యాటరీ మార్చిన మూణ్ణెల్ల నుంచీ రోజుకి ఇరవయ్యారు నిమిషాలు ఎక్కువ పనిచేస్తున్నామన్నమాట అని లెక్కలేసుకుని, మా ఆయన చేతులు పట్టుకుని ఊపి మరీ వెళ్ళారు. సోమవారం దాకా ఆఫీసు తెరవరు.

"పోనీ ఇంకో దారుంది," అంది ఆఫీసరమ్మ సంచి భుజానికి తగిలించుకుంటూ. "పాస్‌పోర్టు మారకపోతే మిగతావి మార్పించుకోండి. ఉత్తరమూ, టికెట్టూ ఈ పేరుతోనే తెప్పించుకుంటే ఎవరూ ఆపలేరు. కాగితం ప్రకారం మీ ఆయన కుక్కవుందిగారే."

బస్సులో కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చేతిలోని జిరాక్సుల్ని నలిపి ఉండ చేశాను. ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "నా పేరు పెట్టి పిలిచారే. ముప్ఫై రెండేళ్ళలో ఒక్కసారి. ఇప్పుడు వెళ్ళేవాడు ఆ పేరుగలవాడు కాదు."

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో పోయింది.

"గడియారానికి మీ ఇంటిపేరుతో ఏం పనండీ? మీ చెయ్యి పడితే చాలు, అదే గుర్తుపడుతుంది," అన్నాను. "నోరు మూసుకుని వెళ్ళి బాగుచేసి రండి."

ఆ సాయంత్రమే అవతలి దేశానికి ఫోను చేయించాం. వాళ్ళకి కుక్కా తెలీదు, ఉందీ తెలీదు. వినసొంపుగా ఉంది అన్నారట. శనివారం మధ్యాహ్నానికల్లా టైపు కొట్టు కంప్యూటర్‌లోకి కొత్త ఉత్తరమూ, కొత్త టికెట్టూ వచ్చేశాయి, శ్రీయుత కుక్కవుంది గారికి అని.

ఆదివారం విమానాశ్రయానికి వెళ్ళే దారి పొడుగునా ఆయనకి పాఠం చెప్పాను. ఇంటిపేరు ఇదేనా అని అడిగితే అవును అనాలి, అంతే, ఇంకేం అనకూడదు. ఆయన విమానాశ్రయం గుమ్మం దాకా వచ్చి కూడా, "అది అబద్ధం కదే," అన్నాడు. చేతులెత్తి దండం పెట్టాను.

నేను అద్దాల ఇవతలే ఆగిపోయాను. అద్దంలోంచి అంతా కనిపిస్తోంది, ఒక్క ముక్కా వినపడదు. ఆయన వంతు వచ్చింది. బల్ల వెనకున్న అధికారి పాస్‌పోర్టు తెరిచాడు. తల వంచి చదివాడు. తలెత్తి ఏదో అడిగాడు. మా ఆయన జవాబు చెప్పాడు. ఆ జవాబు అవును కంటే చాలా పొడుగ్గా ఉంది. చేతులు కూడా తిప్పుతున్నాడు. గేటు ఎత్తు చూపిస్తున్నాడు. రేకు వెడల్పు చూపిస్తున్నాడు. అయిపోయింది, పద్నాలుగేమిటి, ఈ జన్మకి వెళ్ళలేడు అనుకున్నాను.

అధికారి మొహం బిగించుకుని ఆయన్నే చూశాడు. తర్వాత తన చొక్కా మీదున్న పేరు బిళ్ళని వేలితో ఎత్తి చూపించాడు. మా ఆయన ముందుకి వంగి చదివాడు. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ముద్ర పడింది.

వెళ్ళాక ఫోనులో చెప్పాడు. ఆ అధికారి ఇంటిపేరు పిల్లి అట. పుట్టినప్పటినుంచీ అట. "మీది గేటుతో పోయింది, వెళ్ళి రండి," అన్నాడట.

ఆ వారమంతా నేను ఇంట్లో పని చేశానేగానీ ధ్యాసంతా అక్కడే. మొదటి రోజు ఫోనులో బూజు గురించి చెప్పాడు. రెండోరోజు పావురాల గురించి. మూడోరోజు యంత్రమంతా విప్పి పరిచానన్నాడు. నాలుగోరోజు గొంతులో భయం వినిపించింది, ఒక చక్రం పన్ను విరిగిందట. ఐదోరోజు అసలు ఫోనే రాలేదు. గడియారం పోయినా పోనీ, మనిషి క్షేమంగా వస్తే చాలనుకున్నాను. మళ్ళీ వెంటనే, కాదు, గడియారం కూడా తిరగాలి అనుకున్నాను.

ఆరోరోజు మా దగ్గర సాయంత్రం నాలుగున్నరైంది, టీ వడగడుతుండగా ఫోను మోగింది. వాళ్ళకి అప్పుడు మిట్టమధ్యాహ్నం.

"స్తంభం మీదున్నానే," అని అరుస్తున్నాడు. గాలి హోరులో సగమే వినబడుతోంది. "ఆ చక్రానికి కొత్త పన్ను అతికించా, తిరుగుతోంది. ఇప్పుడు పన్నెండు కొడుతుంది. కింద ఊరంతా నిలబడి ఉంది. ఫోను ఎత్తి పట్టుకుంటున్నా, విను."

విన్నాను. మొదటి గంట పడగానే పోల్చుకున్నాను. మా మార్కెట్ గంటే, అదే గొంతు, తోబుట్టువే. కళ్ళనీళ్ళు కారుతున్నా చేతివేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ విన్నాను. కింద జనం చప్పట్లు కూడా వినిపించాయి. తర్వాత ఆయన గొంతు వచ్చింది.

"గంట పక్కనే ఉన్నా కదా, రెండు దెబ్బలకే చెవులు గింగుర్లెత్తి లెక్క తప్పింది. కింద వీళ్ళు చప్పట్ల గోలలో ఉన్నారు. ఎన్ని కొట్టిందో నువ్వు చెప్పు. నువ్వు చెబితే నమ్ముతా."

అంత సంతోషంగా ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు. పన్నెండని చెబితే ఏం పోయింది అనిపించింది. కానీ రేపు మళ్ళీ ఊరంతా నిలబడి వింటుంది కదా.

"పదమూడండీ," అన్నాను.

ఇల్లు అడిగారు, ఇల్లు చెప్పాను లాంటిదేదో అంటాడని ఎదురుచూశాను.

"నాదే తప్పు," అన్నాడు మా ఆయన. "ఒక మీట వదులుగా బిగించాను. ఫోను పెట్టేయకు, అక్కడే ఉండు. బిగించి మళ్ళీ కొట్టిస్తా."

టీ చల్లారిపోయింది. ఆ సాయంత్రం ఇంకో మూడుసార్లు లెక్కపెట్టాను. మొదటిసారి పన్నెండు, రెండోసారి పన్నెండు, మూడోసారి పన్నెండు. మూడోసారికి ఆయనకీ లెక్క అందుతోందని నాకు తెలుసు, అయినా నన్నే అడిగాడు.